మగ్గం పక్కన ఉయ్యాల

1979లో నేను ధర్మవరంలో ఒక చిన్న ఆసుపత్రిలో, పిల్లల విభాగంలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. పుట్టి పెరిగింది పెనుకొండలో. ఉద్యోగంలో ఓనమాలు దిద్దుకున్నది హిందూపురంలో. హిందూపురం తల్లులు సగం తెలుగూ సగం కన్నడమూ కలిపి బిడ్డ జబ్బును పూసగుచ్చినట్టు చెప్పేవాళ్ళు. ధర్మవరం తల్లులు అసలు ఆసుపత్రికి రావడమే గగనం. వాళ్ళకు తీరిక ఏది? ఇంటింటికీ మగ్గం. మగ్గం మీద పట్టుచీర ఉందంటే ఇంటిల్లిపాదీ దానికి చాకిరీ చేయాల్సిందే. జ్వరంతో కాలిపోతున్న బిడ్డనైనా చీర మగ్గం మీంచి దిగిన మర్నాడే ఎత్తుకొచ్చి, "మొన్నట్నుంచి కాలుతాండాదమ్మా" అనేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. నాలుగు మాటలు అనకుండా వదిలేదాన్ని కాదు.

మా పిల్లల డాక్టరు గారు నాకు పూర్తి విరుద్ధం. యాభై దాటిన మనిషి, మెత్తటి మాట. ఏ తల్లినీ గట్టిగా ఒక మాట అనడం నేను వినలేదు. "సిస్టర్ కేకలు వేస్తుంది, డాక్టరు గారు మందు వేస్తారు, బిడ్డకు రెండూ పడతాయి" అని మా ఆయా వేళాకోళం చేసేది.

ఒక సోమవారం ఓపీలో, అంటే బయటి రోగులను చూసే గదిలో, ముక్కున ఇంత ముక్కెర పెట్టుకున్న ఒక ముసలామె అందరినీ తోసుకుంటూ ముందుకొచ్చింది. పేరు హుసేనమ్మ. వెనకాల ఆమె కోడలు మస్తానమ్మ, కోడలి భుజాన ఏడు నెలల ఆడబిడ్డ ఫాతిమా. హుసేనమ్మ కొడుకు దస్తగిరి చీరలు నేస్తాడు. బిడ్డ గుమ్మం దాటినప్పటి నుంచి గుక్కపట్టి ఏడుస్తూనే ఉంది.

"ఏమైంది అవ్వా బిడ్డకు?" అన్నాను.

"ఏమైతాదమ్మా, అది పుట్టిందే అట్ల" అంది హుసేనమ్మ. "చెవులు ఇనబడవు. మెడ మొన్నమొన్న నిలబడె. కూచోబెడితే గోనెసంచి మాదిరి ఒరిగిపోతాది. పక్కింటోళ్ళ మగబిడ్డ దీనికన్నా చిన్నోడు, కూచుంటాండాడు, చప్పట్లు గొడ్తాండాడు. దీనికి బుర్రలో ఏమీ లేదు."

డాక్టరు గారు బిడ్డను తల్లి ఒళ్ళో కూర్చోబెట్టించారు. వినికిడి చూడటానికి అప్పట్లో మేము చేసేది డిస్ట్రాక్షన్ టెస్ట్. బిడ్డను ఒళ్ళో పెట్టుకున్న తల్లి కదలకుండా కూర్చోవాలి. ముందు ఒకరు బొమ్మ చూపించి బిడ్డ దృష్టి నిలబెట్టాలి. ఆ బొమ్మ దాచేసిన క్షణంలో, బిడ్డ కంటికి కనిపించకుండా వెనకనుంచి ఇంకొకరు మెల్లగా గిలక్కాయో గంటో మోగించాలి. బిడ్డ అటు తల తిప్పితే వింటున్నట్టు. చదవడానికి సులువే గానీ, బిడ్డ ఏడుస్తుంటే అది పరీక్ష కాదు, జాతర. ఫాతిమా ఏడుపు ఆపలేదు. పాలిచ్చినా, భుజాన వేసుకున్నా, గది తలుపులు మూసి ఎంత నిశ్శబ్దం చేసినా ఇంకా ఎక్కువైంది.

"నెలలు నిండాకే పుట్టిందా?" అని డాక్టరు గారు మస్తానమ్మను అడిగారు.

ఆ పిల్ల నోరు తెరవబోయేలోపల అత్తే అందుకుంది. "ఎనిమిదో నెల పడిన్నాళ్ళకే పుట్టేసె సార్. పిల్లికూన అంత ఉండె. అప్పుడే అనుకుంటి. సరే, ఇంగ మీతో కాదులే. శుక్రవారం గాండ్లపెంట పక్క పల్లెకు తీస్కపోతాండాము. ఆడ ఒకాయన వాతలు పెడ్తాడంట. నడినెత్తిన ఒకటి, ఎన్నుపూస మీద ఒకటి. చచ్చిన నరాలు లేస్తాయంట."

నా చేతిలోని గంట బల్లమీద పడేశాను. వాతలంటే ఏమిటో తెలియనివారికి చెబుతాను. ఇనపకడ్డీని నిప్పుల్లో ఎర్రగా కాల్చి పసిబిడ్డ ఒంటిమీద చురక పెట్టడం. ఆ పుండు చీముపట్టి, బిడ్డ కొయ్యబారిపోయాక మా దగ్గరికి పరుగెత్తుకొచ్చిన వాళ్ళను చూశాను. ఆ బిడ్డలందరినీ మేము దక్కించుకోలేకపోయాం.

"అవ్వా, నీకు చురక పెడితే ఓర్చుకుంటావా?" అన్నాను. నా గొంతు బయట వరండా దాకా వినిపించి ఉంటుంది.

"నాకేమన్నా బుర్ర లేదా చురక పెట్టించుకునేదానికి?" అంది ఆమె, ఏమాత్రం తగ్గకుండా. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. మస్తానమ్మ మాత్రం తలొంచుకుని బిడ్డ వీపు నిమురుతూ ఉంది. కళ్ళనీళ్ళు బిడ్డ చొక్కామీద పడుతున్నాయి. ఆ పిల్లకు ఇరవై ఏళ్ళుంటాయో ఉండవో.

డాక్టరు గారు నన్ను కళ్ళతోనే ఆపి, "అవ్వా, శుక్రవారం లోపల మా సిస్టర్ మీ ఇంటికొచ్చి బిడ్డను చూస్తుంది. అంతవరకూ ఆగుతావా?" అన్నారు.

"ఆగుతా సార్. శుక్రవారం వరకే" అంది హుసేనమ్మ.

ఆ మధ్యాహ్నం టీ తాగుతూ ఆయన నాకు చెప్పిన పాఠం, నర్సింగ్ స్కూల్లో మూడేళ్ళు చదివిన దానికన్నా నాకు బాగా ఎక్కింది. కడుపులో పిండం మొదలైన నెలలోపే, చాలామంది తల్లులకు తాము కడుపుతో ఉన్నామని కూడా తెలియకముందే, పిండం వీపు వైపు ఒక పలుచని పొర అంచులు పైకి లేచి, దగ్గరకొచ్చి అతుక్కుని గొట్టంలా తయారవుతుందట. దాని పేరు న్యూరల్ ట్యూబ్. ఆ గొట్టం ఒక కొస ఉబ్బి మెదడవుతుంది, మిగిలింది వెన్నుపాము. తర్వాత కోట్ల కొద్దీ నరాల కణాలు పుట్టి, ఒక్కొక్కటీ పోగులు చాచి ఇంకోదాన్ని వెతుక్కుంటాయి.

"పుట్టేసరికి పని అయిపోతుందా సార్?" అన్నాను.

"ఎక్కడ అవుతుంది! కరెంటు తీగకు రబ్బరు తొడుగు ఉన్నట్టు నరానికీ ఒక తొడుగు పడాలి. దాన్ని మైలిన్ అంటాం. అది పడేకొద్దీ కబురు తొందరగా, తప్పిపోకుండా వెళ్తుంది. బిడ్డకు అదుపు పైనుంచి కిందికి దిగుతుంది. ముందు మెడ నిలబడుతుంది, తర్వాత నడుము, చివరకు కాళ్ళు. అందుకే ఏ బిడ్డా కూర్చోవడం రాకముందే నడవదు. ఎనిమిదో నెలలో పుట్టిన బిడ్డకు ఆ లెక్క పుట్టినరోజు నుంచి కాదు, పుట్టాల్సిన రోజు నుంచి వేసుకోవాలి. కాబట్టి ఆ బిడ్డ కూర్చోలేదని నాకు దిగులు లేదు."

"మరి దేనికి దిగులు?"

"చెవులకు. నిజంగా వినపడకపోతే మనం ఇప్పుడే తెలుసుకోవాలి. మనసు అనేది పైనుంచి వచ్చి మెదడులో దిగేది కాదు సిస్టర్. విన్నదీ, చూసిందీ, తాకిందీ కలిసి బిడ్డలో తెలివి అల్లుకుంటుంది. మనిషి నడిచిన దారి బాటవుతుంది, నడవని దారి గడ్డి పట్టిపోతుంది. మెదడులోనూ అంతే."

బుధవారం నా గంటా గిలక్కాయా సంచిలో వేసుకుని హుసేనమ్మ ఇంటికి పోయాను. వీధి మలుపు తిరగకముందే మగ్గాల చప్పుడు. ఇంట్లో అడుగుపెడితే నా మాట నాకే వినపడలేదు. ఉన్న ఒక్క పెద్దగదిలో ముప్పాతిక భాగం మగ్గమే. కింద గుంతలో కాళ్ళు పెట్టుకుని దస్తగిరి నేస్తున్నాడు. పోగును లాక్కుంటూ నాడె అటూ ఇటూ పరుగెత్తడం, పలక వచ్చి పోగును గుద్దడం, పైన చీర డిజైను చిల్లులు కొట్టిన అచ్చు అట్టలు తిరుగుతూ టకటకమనడం. మగ్గం పక్కనే దూలానికి పాత చీరతో కట్టిన ఉయ్యాల. దాని తాడు మస్తానమ్మ కాలివేలికి కట్టి ఉంది. ఆమె రాట్నం తిప్పుతూ పట్టుపోగును కండెలకు చుడుతోంది, కాలు ఉయ్యాల ఊపుతోంది. ఉయ్యాలలో ఫాతిమా హాయిగా నిద్రపోతోంది. ఆసుపత్రి కప్పు ఎగిరిపోయేలా ఏడ్చిన బిడ్డ ఇదేనా అని నాకు అనుమానం వచ్చింది.

"చూడు సిస్టరమ్మా, నీ కండ్లతో నువ్వే చూడు" అని హుసేనమ్మ వంటింట్లోంచి కంచుపళ్ళెం తెచ్చి, బిడ్డ చెవి దగ్గర గరిటెతో ఠంగుమని కొట్టింది. బిడ్డ రెప్ప కూడా కదలలేదు. మళ్ళీ కొట్టింది. లేదు. నా గంట తీసి నేనూ మోగించాను. గిలక్కాయ ఆడించాను. ఊహూఁ.

"ఇంగేం చెప్తావు?" అన్నట్టు హుసేనమ్మ నావైపు చూసింది. ఆ చూపులో గెలిచిన సంతోషం లేదు. దిగులు ఉంది. ఆమె నోటికే గానీ మనసుకు కరుకు లేదని నాకప్పుడే మొదటిసారి అనిపించింది.

ఆ చప్పుడులో నా చిన్నగంట ఎంతని మీరు అడగొచ్చు. నేనూ అదే అనుకున్నాను. కానీ చెవి పక్కన మోగిన కంచుపళ్ళెం మాటేమిటి? శుక్రవారం ఈ బిడ్డ నడినెత్తిన కడ్డీ పెడతారు, నేను ఏం చెప్పి ఆపాలి? మస్తానమ్మ టీ ఇస్తే గోడకు ఆనుకుని కూర్చుని తాగుతున్నాను.

అప్పుడు మగ్గం మీద ఒక పోగు తెగింది. దస్తగిరి చెయ్యి ఆపాడు. గదిలో చప్పుడు ఆగిపోయింది.

ఉయ్యాలలో బిడ్డ కళ్ళు తెరిచింది. పెదవులు విరిచింది. ముఖం ఎర్రబడింది. ఏడుపు మొదలయ్యేలోపలే మస్తానమ్మ, అటు చూడకుండానే, చేతిలోని కండెతో పక్కనున్న కొయ్యమీద టక్, టక్, టక్ అని కొట్టడం మొదలుపెట్టింది. బిడ్డ కళ్ళు మెల్లగా మూతబడ్డాయి. దస్తగిరి పోగు అతికాడు, మగ్గం సాగింది, మస్తానమ్మ మళ్ళీ రాట్నం పట్టుకుంది. ఎవరూ ఏమీ అనుకోలేదు. నేను మాత్రం టీ గ్లాసు కింద పెట్టేశాను.

"మ్మే మస్తానమ్మా, ఎందుకు అట్ల కొడ్తివి?" అని అరిచాను, మగ్గం మీదుగా.

"ఆ చప్పుడు లేకపోతే లేచి ఏడుస్తాదమ్మా. పోగు తెగినప్పుడల్లా అంతే. మాకు అలవాటైపాయ" అంది.

"ఎప్పుడూ అంతేనా?"

"ఎప్పుడూ అంతే. చీర దించినపొద్దు అయితే ఇంగ పట్టలేము."

ఆ ఇంట్లో అందరికీ తెలిసిన విషయం అది. ఏడు నెలలుగా రోజూ చూస్తున్నారు. దాన్ని వాళ్ళు బిడ్డ పెంకితనం కింద జమకట్టారే తప్ప, చప్పుడు ఆగిందని బిడ్డకు ఎలా తెలిసిందని ఒక్కరూ అడగలేదు. వాళ్ళను అనడానికి లేదు. పుట్టినప్పటి నుంచి మగ్గం చప్పుడులోనే బతికేవాళ్ళు. ఆ చప్పుడు ఉందన్న సంగతే వాళ్ళు మరిచిపోయారు. పళ్ళెం మోగించే ముందు మగ్గం ఆపాలని వాళ్ళకు తోచలేదు.

"దస్తగిరీ, మగ్గం ఆపప్పా" అన్నాను.

"ఈ పువ్వు బుటా అయిపోనీమ్మా."

"బుటా యాడికీ పోదు. ఆపు!"

నా కేకకు ఆసుపత్రిలో తల్లులే అదిరిపోయేవాళ్ళు, ఇతనెంత. ఆపేశాడు. పక్కింటి మగ్గం కూడా కొంచెంసేపు ఆపమని అతన్నే పంపించాను. బిడ్డ లేచింది, అనుకున్నట్టే ఏడ్చింది. తల్లి ఎత్తుకుని పాలిచ్చింది. ఈసారి నేను కొయ్యమీద కొట్టనివ్వలేదు. తనిల్లు, తన తల్లి ఒడి, తెలిసిన మనుషులు. కొంతసేపటికి ఏడుపు వెక్కిళ్ళయింది, వెక్కిళ్ళు ఆగాయి. బిడ్డ పెద్ద పెద్ద కళ్ళతో నన్ను చూడసాగింది.

బిడ్డను తల్లి ఒళ్ళో నాకెదురుగా కూర్చోబెట్టించాను. నా మెడలోని గొలుసు చూపిస్తే కళ్ళు దానిమీద నిలిచాయి. హుసేనమ్మను బిడ్డ వెనకాల, కొంచెం పక్కకు కూర్చోమన్నాను.

"అవ్వా, పళ్ళెం వద్దు, గరిటె వద్దు. రోజూ ఎట్ల పిలుస్తావో అట్ల పిలువు. మెల్లగా. నేను గొలుసు దాచినప్పుడు."

"పిలిస్తే ఏమైతాది, అది ఇనేదుంటే గదా" అని గొణిగింది.

"పిలువు అవ్వా, నీకు పుణ్యముంటాది!"

గొలుసును గుప్పిట్లో దాచేశాను. హుసేనమ్మ గొంతు తగ్గించి, "ఏమే మొద్దూ" అంది.

బిడ్డ తల తిప్పింది. తిప్పి, అవ్వను వెతికి పట్టుకుని, బోసినోటితో నవ్వింది.

ఆ ఇంట్లో ఆ బిడ్డను పిలిచే పేరు మొద్దు అని నాకప్పుడు తెలిసింది. "ఊరికే తిరిగిందేమో" అంది హుసేనమ్మ. రెండోవైపు కూర్చోబెట్టి మళ్ళీ పిలిపించాను. బిడ్డ అటు తిరిగి మళ్ళీ నవ్వింది. మూడోసారి పిలవబోయి హుసేనమ్మ పిలవలేకపోయింది.

"ఇంటాదే... నన్ను ఇంటాదే" అంది. మస్తానమ్మ అయితే బిడ్డను గుండెకు హత్తుకుని భోరున ఏడ్చింది. పక్కింటి నుంచి తిరిగొచ్చిన దస్తగిరి లోపలికి రావడం కూడా మరిచిపోయి గుమ్మంలోనే నిలబడి చూస్తున్నాడు. నేను ఏడవలేదని చెబితే అబద్ధమవుతుంది.

నేను బయలుదేరితే హుసేనమ్మ వీధి మొదటి దాకా సాగనంపడానికి వచ్చింది. ఆ ముసలామె నోరు అంతసేపు మూసుకుని ఉండటం ఆ వీధిలో వాళ్ళు కూడా చూసి ఉండరు. చివరకు ఆగి, "సిస్టరమ్మా, నిజం చెప్పు. అట్లయితే ఇన్నాళ్ళూ ఇనిందా?" అంది.

"విన్నట్టే గదా అవ్వా."

"అన్నీనా?"

నాకు అర్థం కాలేదు. ఆమె ముఖం చూశాక అర్థమైంది.

"దీని ఉయ్యాల పక్కనే కూచోని అంటా ఉంటి. రోజూ వచ్చినోళ్ళకంతా చెప్తా ఉంటి. ఇది మనిషి కాదు, పోయి ఉంటే బాగుండు, మా కోడలు బతికిపోయేది అని. ఆ మాటలన్నీ దాని బుర్రలో ఉండాయా?"

"డాక్టరు గారిని అడుగుదాం అవ్వా" అన్నాను.

శుక్రవారం ఓపీలో నేను గుమ్మంవైపే చూస్తూ కూర్చున్నాను. ముసలామె మనసు మళ్ళీ తిరిగిపోయి గాండ్లపెంట బస్సెక్కేసిందేమోనని నా భయం. అంతలో బిడ్డ ఏడుపు ముందు వినిపించింది, ముక్కెర తర్వాత కనిపించింది. గుండె కుదుటపడింది.

జరిగిందంతా నేను ముందే చెప్పి ఉన్నాను కాబట్టి, డాక్టరు గారు ఏడుస్తున్న ఫాతిమాను చూసి చిరునవ్వుతో, "సిస్టర్, మీరు మగ్గం నడపండి" అన్నారు. నేను స్కేలుతో బల్లమీద టక్ టక్ మని కొడుతూ నిలబడ్డాను. బిడ్డ ఏడుపు ఆపి ముద్దుగా చూసింది. ఓపీలో ఉన్న తల్లులంతా విరగబడి నవ్వారు. ఆయన తీరిగ్గా మెడా వెన్నూ చూశారు, చిన్న సుత్తితో మోకాళ్ళ కింద తట్టారు, బొమ్మను అటూ ఇటూ తిప్పి కళ్ళు ఎలా వెంబడిస్తున్నాయో చూశారు.

"దీనికి పెద్ద మాటొకటి ఉంది సిస్టర్, హ్యాబిట్యుయేషన్ అని" అన్నారు నాతో. "రోజూ ఉండే చప్పుడును మెదడు పక్కన పెట్టేస్తుంది. ఇందులో కొత్తేం లేదు, పడుకోవచ్చు అనుకుంటుంది. చప్పుడు ఆగితే మాత్రం అది కొత్త కబురు, అప్పుడు లేస్తుంది. పళ్ళెం చప్పుడు కూడా ఆ గోలలో కలిసిపోయింది. బుర్ర లేని బిడ్డ ఈ పని చేయలేదు. బుర్ర చక్కగా పనిచేస్తోంది కాబట్టే నిద్రపోయింది."

హుసేనమ్మ వదలలేదు. "మరి కూచోదేం సార్? పక్కింటోడు కూచుంటాండాడే."

ఆయన నావైపు చూశారు, నీ భాషలో నువ్వే చెప్పమన్నట్టు.

"అవ్వా, పెనుకొండ నుంచి హిందూపురం పోవాల. సోమందేపల్లిలో బస్సు ఎక్కినోళ్ళకన్నా పెనుకొండలోనే ఎక్కినోళ్ళకు దూరం ఎక్కువ గదా? ముందు ఎక్కితే సోమందేపల్లి దాటకుండానే హిందూపురం వస్తాదా? నీ మనవరాలు నెలలు నిండకుండానే పుట్టి, ఒక స్టాపు ముందే బస్సు ఎక్కేసింది, అంతే. దాని దారి అది పోవాల్సిందే."

హుసేనమ్మ తలూపి, "అది నిజమే" అంది. ఆమె ఒకరి మాటకు నిజమేనని ఒప్పుకోవడం మస్తానమ్మ కూడా అప్పుడే చూసినట్టుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

డాక్టరు గారు మందేమీ రాయలేదు. పొద్దంతా ఉయ్యాలలో చుట్టి పడుకోబెట్టవద్దన్నారు. చాప పరిచి బోర్లా వేయమన్నారు, మెడా వీపూ వాటంతటవే గట్టిపడతాయని. వీలైనన్నిసార్లు మగ్గానికి దూరంగా, ఇంటి ముందు అరుగుమీద కూర్చోబెట్టుకుని బిడ్డతో మాట్లాడమన్నారు.

"ఏం మాట్లాడాల సార్?" అంది హుసేనమ్మ.

"ఏదైనా. వంకాయ కూర గురించి మాట్లాడు. నువ్వు మాట్లాడేకొద్దీ దాని బుర్రలో దారులు పడతాయి."

అప్పుడు ఆమె ఆ ప్రశ్న అడిగింది. ఓపీ నిండా జనం ఉన్నారు. ఆమె లెక్కచేయలేదు. "సార్, నేను దాన్ని అనరాని మాటలంటి. అవి కూడా దాని బుర్రలో దారులైపోయినాయా?"

నేను కొడుతున్న స్కేలు ఆపేశాను. బిడ్డ ఏడుస్తుందేమోనని కూడా నాకు తోచలేదు.

డాక్టరు గారు కుర్చీని ఆమె దగ్గరికి జరుపుకున్నారు. "మాటలకు అర్థం దానికి ఇంకా తెలియదు అవ్వా. ఏ మాటా గుర్తుండదు. నీ గొంతు మాత్రం దానికి తెలుసు. ఆ గొంతు మా అవ్వది, వినపడితే నవ్వాలి అని నేర్చుకుంది. నువ్వు ఏం తిట్టావో నీకు తెలుసు. దానికి తెలిసిందల్లా నువ్వు పక్కన ఉన్నావని" అన్నారు.

హుసేనమ్మ కోడలి ఒళ్ళోంచి బిడ్డను తీసుకుంది. ఆమె ఆ బిడ్డను తనంతట తాను ఎత్తుకోవడం నేను చూడటం అదే మొదలు. బిడ్డ ముఖాన్ని తన ముఖానికి దగ్గరగా పెట్టుకుంది.

"తప్పయిపాయ తల్లీ" అంది. "ముసలిముండను. నోరు ఊరికే ఉండదు. ఇంగ అననులే. ఫాతిమా. నీ పేరు ఫాతిమా. ఇంటాండావా?"

ఊరందరినీ నోటితో ఆడించే మనిషి, పాలుతాగే బిడ్డకు అందరి ముందూ తప్పు ఒప్పుకుంది. డాక్టరు గారు ఏదో వెతుకుతున్నట్టు బల్ల సొరుగు తెరిచి అందులోకే చూస్తూ ఉండిపోయారు. నాకు ఆ ముసలామె మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

ఆ తర్వాత హుసేనమ్మ వారం వారం ఏదో ఒక వంకతో వచ్చేది. బిడ్డ బోర్లాపడిందని ఒకసారి, కూర్చుందని ఒకసారి. అరుగుమీద కూర్చుని ఆమె బిడ్డతో పొద్దస్తమానం మాట్లాడుతోందని, వీధిలో వాళ్ళకు చెవులు చిల్లులు పడుతున్నాయని మస్తానమ్మ నవ్వుతూ చెప్పింది. ఇంకో ఏడాదికి ఫాతిమా మా ఓపీలోకి తానే నడిచొచ్చింది. తూకం వేయబోతే నన్ను పైనుంచి కిందికి చూసి, "ఒద్దుపో" అంది. అచ్చం అవ్వ నోరే.

1983లో నేను బదిలీ మీద మళ్ళీ హిందూపురం వచ్చేశాను. అంతకుముందూ ఆ తర్వాతా ఎన్నో వందలమంది బిడ్డలు నా చేతులమీదుగా పోయారు. "దానికేం తెలుసులే సిస్టర్" అని తల్లులు అనడం ఎన్నిసార్లు విన్నానో. ఒకప్పుడు నేనూ ఆ మాట అన్నదాన్నే. ధర్మవరం నుంచి వచ్చాక ఒక అలవాటు చేసుకున్నాను. ఎంత పసికందుకైనా సూది వేసేముందు ఒంగి ఆ బిడ్డ ముఖంలోకి చూసి, "కొంచెం నొప్పెడుతుంది నాన్నా, ఓర్చుకో" అని చెప్పేదాన్ని. కొత్తగా వచ్చిన నర్సులు నవ్వేవాళ్ళు. "అర్థమవుతుందా సిస్టర్ వాళ్ళకు?" అని అడిగేవాళ్ళు.

అర్థం కాదు. కానీ సూదిని మించి ఆ బిడ్డకు గుర్తుండాల్సింది ఒక గొంతు తనను పలకరించిందని. నోటి దురుసు మనిషిని, నాకు ఆ పాఠం ఇంకో నోటి దురుసు మనిషే నేర్పింది.